తక్కువ ఖర్చులో తొలి వేప్ డివైస్: ఏం చూసి కొనాలి, ఎలా మొదలుపెట్టాలి

"రోజుకు నాలుగైదు సిగరెట్లే తాగుతాను. వాటి బదులు వేప్‌కు మారదామనుకుంటున్నాను. తక్కువలో ఏది కొనమంటారు?" ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. వేప్ అంటే ఈ-సిగరెట్, లిక్విడ్‌ను వేడిచేసి ఆ ఆవిరిని పీల్చే పరికరం. అడిగిన ప్రతివాళ్లకూ సగం సగం చెప్పేకంటే మొత్తం ఒకేచోట రాసిపెడదామని కూర్చున్నాను.

మొదలుపెట్టే ముందు మూడు మాటలు. వీటిని దాటేసి కిందికి వెళ్లకండి.

ఇది ఇప్పటికే సిగరెట్ తాగుతున్న పెద్దవాళ్ల కోసం రాసింది. మీకు సిగరెట్ అలవాటు లేకపోతే వేప్ జోలికే పోవద్దు. సరదాగా మొదలుపెట్టినా నికోటిన్ పట్టుకుంటుంది, పట్టుకుంటే తేలిగ్గా వదలదు. వేప్‌లో పొగాకు కాలదు కాబట్టి తారు, కార్బన్ మోనాక్సైడ్ ఉండవు. సిగరెట్ పూర్తిగా మానేసి దీనికి మారినవాళ్లకు అక్కడే లాభం. అలాగని హాని లేనిదని ఎవరైనా చెబితే నమ్మకండి. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి. మానేయడమే మీ ఉద్దేశమైతే నికోటిన్ గమ్, ప్యాచ్ కూడా ఉన్నాయి. వాటితో పనైపోతే ఈ గైడు అవసరమే లేదు.

రెండోది చట్టం. భారతదేశంలో 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. జైలు, జరిమానా రెండూ ఉన్నాయి. సింగపూర్‌లోనూ థాయ్‌లాండ్‌లోనూ నిషేధమే, కాబట్టి అక్కడికి ప్రయాణమైతే బ్యాగులో వేప్ ఉండకూడదు. ఆస్ట్రేలియాలో మందుల షాపుల్లోనే అమ్ముతారు. బ్రిటన్‌లో 2025 జూన్ 1 నుంచి ఒకసారి వాడి పారేసే వేప్‌ల అమ్మకం ఆపేశారు. చట్టబద్ధంగా అమ్మే చోట ఉన్నవాళ్లకే కింద రాసింది పనికొస్తుంది.

మూడోది, దొంగచాటు సరుకు. 2019లో అమెరికాలో వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని వేలమంది ఆస్పత్రుల్లో చేరారు. 2020 ఫిబ్రవరి నాటికి 68 మంది చనిపోయారు. ఆ కేసుల్లో ఎక్కువ శాతం గంజాయి నూనె నింపిన దొంగ కార్ట్రిడ్జ్‌ల వల్ల వచ్చినవే. వాటిలో కలిపిన విటమిన్ ఈ అసిటేట్‌ను ముఖ్య కారణంగా గుర్తించారు. అందుకే ఎవరో చేతిలో పెట్టిన, సీలు లేని కార్ట్రిడ్జ్‌ను ఫ్రీగా ఇచ్చినా తీసుకోకండి.

కావలసినవి

- తిరిగి నింపుకునే చిన్న పాడ్ డివైస్ ఒకటి (పాడ్ అంటే లిక్విడ్ పోసుకునే చిన్న తొట్టి)
- అదే మోడల్‌కు సరిపోయే అదనపు పాడ్‌లు లేదా కాయిల్స్ (లిక్విడ్‌ను వేడిచేసే తీగచుట్టలు) రెండు
- 10 మి.లీ. లిక్విడ్ సీసాలు రెండు, వేర్వేరు ఫ్లేవర్లవి
- డివైస్‌కు సరిపోయే మామూలు ఛార్జర్ (5 వోల్టులు, 1 ఆంపియర్ చాలు)
- టిష్యూ పేపర్లు
- పిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండా తాళం వేసుకోగలిగే డబ్బా
- పెన్ను, చిన్న నోట్‌బుక్

చివరిది ఎందుకని తీసేయకండి. మొదటి పని దానితోనే.

1. మూడు రోజులు మీ సిగరెట్లు లెక్కపెట్టండి

డివైస్ కొనే ముందు మూడు రోజులు ఎన్ని తాగారో, ఏ టైముకు తాగారో రాసుకోండి. అన్నిటికంటే ముఖ్యం, పొద్దున లేచాక మొదటి సిగరెట్ ఎంతసేపటికి వెలిగించారన్నది. లేచిన అరగంటలోపే చెయ్యి ప్యాకెట్ మీదికి పోతుంటే, మీరు రోజుకు ఐదే తాగినా మీ ఒంటికి నికోటిన్ బాగా అలవాటైందని అర్థం. సాయంత్రం దాకా గుర్తుకే రాకపోతే తక్కువ నికోటిన్‌తో సరిపోతుంది. లిక్విడ్ కొనేటప్పుడు ఈ కాగితమే మీకు దారి చూపిస్తుంది.

2. రకం తేల్చుకోండి

షాపులో యాభై కనబడతాయి కానీ అసలు రకాలు నాలుగే.

వాడి పారేసేవి: కొనేటప్పుడు అన్నిటికంటే చౌక. నెల తిరిగేసరికి అన్నిటికంటే ఖరీదు. పైగా లోపలున్న మంచి లిథియం బ్యాటరీ చెత్తలోకి పోతుంది. చాలా దేశాల్లో వీటిని ఆపేస్తున్నారు.

నింపి అమ్మే పాడ్‌లు: శుభ్రంగా, తేలిగ్గా ఉంటాయి. లిక్విడ్ నింపే పనే లేదు. కాకపోతే ఆ కంపెనీ ఇచ్చిన ఫ్లేవర్లు, ఆ కంపెనీ పెట్టిన ధర, అంతే. చేతులు వణికేవాళ్లకు, చూపు తక్కువైనవాళ్లకు మాత్రం నేను ఇదే చెబుతాను. ఖర్చు ఎక్కువైనా నికోటిన్ చేతికి అంటుకునే గొడవ ఉండదు.

తిరిగి నింపుకునే పాడ్‌లు: మీరు కొనాల్సింది ఇదే. బొటనవేలంత వెడల్పు, అరచేతిలో పట్టేంత పొడవు. పాడ్ తీసి లిక్విడ్ పోసుకుంటారు. పాడ్ పాడైతే దాన్నొక్కదాన్నే మారుస్తారు.

బాక్స్ మోడ్‌లు: పెద్ద బ్యాటరీ, స్క్రీన్, పొగ మబ్బులు. మొదటిసారి వీటి దగ్గరికి వెళ్లకండి.

చివరిదాని గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. నేను మొదట కొన్నది అదే. "దీంట్లో పొగ బాగా వస్తుంది సార్" అని షాపతను చేతిలో పెట్టాడు. సిగరెట్ లాగినట్టే ఒక్క దమ్ము లాగాను. దగ్గుతో కళ్లనీళ్లు తిరిగాయి. సీసా లిక్విడ్ రెండు రోజులకే అయిపోయింది. మూడు వారాల తర్వాత అది సొరుగులో ఉంది, నా చేతిలో మళ్లీ సిగరెట్ ఉంది. డివైస్‌లో లోపమేమీ లేదు. అది వేరే రకం దమ్ముకు తయారైనది, నాకా సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ తేడా ఇదీ. సిగరెట్ తాగేవాళ్లు పొగను ముందు నోట్లోకి లాగి, తర్వాత లోపలికి పీలుస్తారు. పెట్టె మీద దీన్ని ఎంటీఎల్ (MTL) అని రాస్తారు. ఊపిరి పీల్చినట్టు నేరుగా ఊపిరితిత్తుల్లోకి లాగేది డీటీఎల్ (DTL). సిగరెట్ నుంచి వచ్చేవాళ్లకు ఎంటీఎల్ డివైస్ కావాలి. పెట్టె మీద ఆ మూడక్షరాలు కనబడకపోతే అడగండి.

3. పెట్టె మీద అంకెలు చదవండి

రంగులు, లైట్లు, స్క్రీన్ వదిలేసి వీటిని చూడండి.

*ఓమ్స్.* ఇది కాయిల్ నిరోధం. మీకు 0.8 నుంచి 1.2 ఓమ్స్ మధ్య ఉండాలి. అంకె తగ్గేకొద్దీ వేడి, ఆవిరి, లిక్విడ్ ఖర్చు మూడూ పెరుగుతాయి. 0.5 కంటే తక్కువ కనబడితే అది మీ దమ్ముకు సరిపడదు.

*వాట్స్.* 8 నుంచి 15 దాకా చాలు. 40, 60 అని గొప్పగా రాసి ఉంటే దానికి కట్టే డబ్బు మీకు దండగ.

*బ్యాటరీ.* ఎంఏహెచ్‌లో ఉంటుంది. అప్పుడప్పుడు వాడేవాళ్లకు 500 నుంచి 1000 మధ్య ఏదైనా ఒక రోజు హాయిగా వస్తుంది. బ్యాటరీ లోపలే బిగించి ఉన్నది తీసుకోండి. విడిగా మార్చుకునే 18650 బ్యాటరీలకు వేరే జాగ్రత్తలు చాలా కావాలి.

*పాడ్ సైజు.* 2 మి.లీ. అయితే చాలు. యూరప్‌లో చట్టం ఒప్పుకునే గరిష్ఠ పరిమాణమే అది.

*గాలి.* పక్కన చిన్న స్లైడర్ ఉంటే మంచిది. మూసేకొద్దీ దమ్ము సిగరెట్‌లా బిగువుగా అవుతుంది. స్లైడర్ లేకపోతే కొన్ని డివైస్‌లలో పాడ్‌ను తిప్పి పెడితే గాలి మారుతుంది.

*బటన్.* లాగితే దానంతట అదే పనిచేసేవి తేలిక. బటన్ ఉన్నవైతే చాలావాటిలో వరసగా 5 సార్లు నొక్కితే ఆన్, మళ్లీ 5 సార్లు నొక్కితే ఆఫ్. జేబులో పెట్టుకునే ముందు ఆఫ్ చేసే అలవాటు చేసుకోవాలి.

*పాడ్ పారదర్శకంగా ఉందా?* చిన్న విషయంలా అనిపిస్తుంది. లిక్విడ్ ఎంత ఉందో కనబడని నల్ల పాడ్ కొన్నవాళ్లు ఖాళీ పాడ్‌ను లాగి కాయిల్ మాడ్చుకోవడం నేను చాలాసార్లు చూశాను. కిటికీ వైపు పట్టుకుంటే లోపల మట్టం కనబడాలి.

4. డివైస్ ధర పక్కనపెట్టి ఆరు నెలల ఖర్చు లెక్కేయండి

నన్నడిగితే గైడు మొత్తంలో ఇదే ముఖ్యం. చౌక డివైస్ అంటే తక్కువ ధరకు వచ్చినది అనుకుంటాం. పాడ్‌లు చౌకగా, ఎప్పుడూ దొరికేదే అసలు చౌక డివైస్.

లెక్క చూడండి. మీరు రోజుకు ఒకటిన్నర మి.లీ. వాడతారనుకుందాం. 180 రోజులకు 270 మి.లీ., అంటే 10 మి.లీ. సీసాలు 27. ఒక పాడ్ రెండు వారాలు వస్తే ఆరు నెలలకు 13 పాడ్‌లు. డివైస్ ఒకటి. మొత్తం 41 సార్లు డబ్బు పెడుతున్నారు, అందులో డివైస్ ఒక్కసారే.

కాబట్టి షాపులో రెండు డివైస్‌లు నచ్చితే, వాటి ధరల కంటే ముందు వాటి పాడ్‌ల ధర అడగండి. పాడ్ ధరను 13తో, సీసా ధరను 27తో హెచ్చించి, డివైస్ ధర కలపండి. ఎక్కువసార్లు పైకి ఖరీదుగా కనబడిన డివైసే చౌకగా తేలుతుంది. అదే ఆరు నెలల్లో మీరు సిగరెట్లకు పెట్టే డబ్బును కూడా పక్కన రాసుకుంటే, మారడం మీకు గిట్టుబాటో కాదో కళ్ల ముందే ఉంటుంది.

లోపల కాయిల్ విడిగా మార్చుకునే పాడ్‌లు కూడా ఉన్నాయి. వాటిలో కాయిల్ ఒక్కటే పారేస్తారు కాబట్టి ఖర్చు ఇంకా తగ్గవచ్చు, కానీ బిగింపు సరిగా లేకపోతే కారుతాయి. మొదటిసారికి కాయిల్ పాడ్‌లోనే కలిసి ఉన్నది సుఖం.

హెచ్చరిక: డిస్కౌంట్‌లో పెట్టిన పాత మోడల్‌ను, దాని పాడ్‌లు ఇంకా తయారవుతున్నాయో లేదో తెలుసుకోకుండా కొనకండి. మోడళ్లు త్వరగా మారిపోతాయి. నేను ఇక్కడ పేర్లు రాయకపోవడానికి కారణం కూడా అదే. పాడ్‌లు దొరకడం ఆగిపోతే డివైస్ బొమ్మలా మిగిలిపోతుంది.

5. అసలుదో నకిలీదో చూసుకోండి

చాలా కంపెనీలు పెట్టె మీద గీకి చూసే కోడ్ ఇస్తాయి. డబ్బు కట్టే ముందు షాపులోనే గీకి, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో సరిచూడమనండి. ఒప్పుకోకపోతే బయటికి వచ్చేయండి. పెట్టె మీద అక్షరదోషాలు, ఊడిపోయే స్టిక్కర్, పాడ్ పెడితే కదలడం ఇవన్నీ నకిలీ గుర్తులు. పాడ్‌లకు కూడా ఇదే పరీక్ష చేయాలి, నకిలీ పాడ్‌లు నకిలీ డివైస్‌ల కంటే ఎక్కువ.

వాడిన డివైస్ ఎవరి దగ్గరా కొనకండి. బ్యాటరీ ఎన్నిసార్లు కింద పడిందో మీకు తెలియదు.

6. లిక్విడ్ ఎంచుకోండి

లిక్విడ్‌లో ఉండేవి నాలుగు: పీజీ (ప్రొపిలీన్ గ్లైకాల్), వీజీ (వెజిటబుల్ గ్లిజరిన్), ఫ్లేవర్, నికోటిన్. పీజీ పల్చగా ఉండి గొంతుకు ఘాటునిస్తుంది. వీజీ చిక్కగా ఉండి ఆవిరినిస్తుంది. చిన్న పాడ్‌కు రెండూ సగం సగం ఉన్న 50/50 కావాలి. 70 శాతం వీజీ ఉన్న చిక్కటి లిక్విడ్ చిన్న కాయిల్‌లోని దూదిలోకి టైముకు ఇంకదు, దూది ఎండి మాడుతుంది. "కొత్త పాడ్ రెండు రోజులకే మాడింది" అని వచ్చినవాళ్లను నేను ముందు అడిగేది ఇదే. సీసా తెప్పించి చూస్తే చాలాసార్లు 70/30 ఉంటుంది.

ఇక నికోటిన్. ఎంటీఎల్ డివైస్‌కు నేను సూచించేది ఇలా:

- రోజుకు 5 లోపు, మొదటిది లేచిన చాలాసేపటికి: మి.లీ.కు 6 మి.గ్రా.
- రోజుకు 5 నుంచి 10, లేదా తక్కువే అయినా లేచిన అరగంటలో మొదటిది: 10 నుంచి 12
- రోజుకు ప్యాకెట్ దగ్గర: 18 నుంచి 20

20 యూరప్, బ్రిటన్‌లలో చట్టం పెట్టిన హద్దు. కొన్ని దేశాల్లో 50 కూడా అమ్ముతారు. అప్పుడప్పుడు తాగేవాళ్లు దాని దగ్గరికి పోకూడదు. వచ్చిన అలవాటు కంటే పెద్ద అలవాటు తగిలించుకుంటారు.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది, జాగ్రత్తగా చదవండి. కొన్ని సీసాల మీద శాతం రాస్తారు. 2 శాతం అంటే మి.లీ.కు 20 మి.గ్రా. 3 మి.గ్రా. అనుకుని 3 శాతం సీసా తీసుకుంటే మీ చేతిలో ఉన్నది 30 మి.గ్రా. అంటే పదిరెట్లు. సీసా తిప్పి "మి.గ్రా." అని ఉందో, శాతం గుర్తు ఉందో చూసి తర్వాతే కొనండి.

నికోటిన్ సాల్ట్ అని రాసి ఉంటే గొంతులో మెత్తగా దిగుతుంది. మామూలుది ఘాటుగా ఉంటుంది. సిగరెట్ ఘాటు లేకపోతే తాగినట్టు అనిపించనివాళ్లకు మామూలుదే నచ్చుతుంది, దగ్గొచ్చేవాళ్లకు సాల్ట్ మేలు. సాల్ట్ మెత్తగా ఉంటుంది కదా అని ఎక్కువ లాగేస్తారు, అది గుర్తుంచుకోండి.

ఫ్లేవర్ మీ ఇష్టం. బాగా తియ్యగా ఉన్నవాటిలో కలిపే స్వీటెనర్ కాయిల్ మీద గారలా పేరుకుని పాడ్ ఆయుష్షు సగం చేస్తుంది. పుదీనా, మెంథాల్, పొగాకు రుచులతో పాడ్ ఎక్కువ రోజులు వస్తుంది.

ఇంట్లో ఉన్న కొబ్బరి నూనె, సువాసన నూనెలు, తేనె, ఏవైనా సరే పాడ్‌లో పోయొద్దు. నూనె ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా లాంటి జబ్బు వస్తుంది.

7. మొదటిసారి నింపడం

దీనికి తొందరపడకండి. బల్ల మీద టిష్యూ పరిచి కూర్చోండి. పిల్లలు గదిలో లేకుండా చూసుకోండి.

పాడ్‌ను డివైస్ నుంచి లాగండి. పక్కనో పైనో చిన్న రబ్బరు మూత ఉంటుంది, గోరుతో ఒక చివర ఎత్తితే తెరుచుకుంటుంది, పూర్తిగా పీకకండి. సీసా మొనను రంధ్రంలో పెట్టి, పాడ్‌ను కొంచెం వాల్చి, చుక్కచుక్కగా నొక్కండి. గట్టిగా పిండితే లోపలి గాలి బయటికి రాలేక లిక్విడ్ మధ్య గొట్టంలోకి ఎక్కుతుంది, తర్వాత మొదటి దమ్ముకే నోట్లోకి వస్తుంది. పైన రెండు మిల్లీమీటర్ల ఖాళీ వదిలి ఆపండి. మూత నొక్కి చుట్టూ వేలితో తడమండి, ఎక్కడా ఎత్తుగా తగలకూడదు. బయట తడి ఉంటే తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కోండి. నికోటిన్ చర్మం గుండా కూడా లోపలికి పోతుంది.

ఇప్పుడు పాడ్‌ను వెలుతురుకు పట్టుకుని చూడండి. కాయిల్ పక్క రంధ్రాల దగ్గర తెల్లటి దూది కనబడుతుంది. అది లిక్విడ్ తాగుతున్నకొద్దీ సన్నటి బుడగలు ఒక్కొక్కటే పైకి లేస్తాయి. తెల్లగా ఉన్న దూది కాసేపటికి తడిసి, నూనె కాగితంలా మసకబారుతుంది. ఆ బుడగలు ఆగేదాకా, కనీసం 10 నిమిషాలు, పాడ్‌ను నిలబెట్టి వదిలేయండి. ఈ పది నిమిషాలు ఓపిక పట్టకపోవడం వల్లే కొత్త పాడ్‌లు ఎక్కువగా మాడిపోతాయి. ఒకసారి మాడిన దూది మళ్లీ బాగుపడదు, ఎంత లిక్విడ్ పోసినా ఆ మాడు వాసన వస్తూనే ఉంటుంది.

ఈలోగా సీసా మీద తెరిచిన తేదీ రాయండి.

8. మొదటి దమ్ము, మొదటి వారం

పాడ్ పెట్టి, గాలి సగం మూసి, మూడు నాలుగు సెకన్లు నెమ్మదిగా లాగండి. సిగరెట్‌ను లాగినట్టు గట్టిగా, పొట్టిగా లాగొద్దు. గట్టిగా లాగితే కాయిల్ వేడెక్కే లోపే లిక్విడ్ పైకి వస్తుంది. నోట్లోకి తీసుకుని, ఒక క్షణం ఆగి, లోపలికి పీల్చండి. మధ్యలో అర నిమిషం విరామం ఇవ్వండి.

సిగరెట్‌కు ముగింపు ఉంటుంది, పీక దాకా కాలితే ఆగిపోతారు. వేప్‌కు అది లేదు. అందుకే మొదటి వారం 10 దమ్ములు లెక్కపెట్టి పక్కన పెట్టండి. తల తిరగడం, వికారం, తలనొప్పి, చెమటలు, గుండె దడ వస్తే నికోటిన్ ఎక్కువైందని అర్థం. వెంటనే ఆపి, గాలి తగిలే చోట కూర్చుని నీళ్లు తాగండి, తర్వాత తక్కువ మి.గ్రా.కు దిగండి. వాంతులు ఆగకపోయినా, ఊపిరి ఆడకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా ఆలోచించకుండా ఆస్పత్రికి వెళ్లండి.

నోరు, గొంతు ఎండినట్టు ఉండటం మామూలే, నీళ్లు ఎక్కువ తాగండి. వారం దాటినా గొంతు మంట తగ్గకపోతే పీజీ మీకు పడటం లేదేమో. 60 శాతం వీజీ ఉన్న సీసా ప్రయత్నించండి, పాడ్ తయారీదారు దానికి ఒప్పుకుంటే.

గుడగుడ, కారడం, మాడు వాసన

*గుడగుడమంటోంది, లిక్విడ్ నోట్లోకి వస్తోంది.* మధ్య గొట్టంలో లిక్విడ్ చేరింది. పాడ్ తీసి, నోరు పెట్టే వైపు కిందికి ఉండేలా టిష్యూ మీద పట్టుకుని, రెండు మూడుసార్లు విదిలించండి. డివైస్ లోపల అడుగున ఉన్న తడిని కూడా టిష్యూ మొనతో అద్దండి. వారానికి ఒకసారి ఇలా తుడిస్తే సగం సమస్యలు రావు.

*కారుతోంది.* మూత సరిగా పడిందా? కాయిల్ బిగువుగా ఉందా? పాడ్ ఎండలో, వేడి కారులో ఉందా? వేడికి లిక్విడ్ పల్చబడి కారుతుంది. ఇవేవీ కాకపోతే పాడ్ మార్చండి.

*మాడు వాసన.* కొత్త పాడ్ అయితే నానబెట్టలేదు, లేదా లిక్విడ్ చిక్కన. పాతదైతే దాని పని అయిపోయింది. అప్పుడప్పుడు వాడేవాళ్లకు ఒక్కో పాడ్ వారం నుంచి రెండు వారాలు వస్తుంది. మాడిన పాడ్‌ను ఖర్చు చూసి లాగుతూ ఉండకండి. మాడిన దూది నుంచి వచ్చే ఆవిరిలో ఉండకూడనివి తయారవుతాయి.

*లైటు వెలుగుతోంది కానీ ఆవిరి లేదు.* పాడ్ అడుగున, డివైస్ లోపల ఉన్న లోహపు బొడిపెలను పొడి టిష్యూతో తుడిచి మళ్లీ పెట్టండి. పదిలో ఎనిమిదిసార్లు సమస్య అక్కడే.

బ్యాటరీ విషయంలో రాజీ పడకండి

ఫోన్ ఫాస్ట్ ఛార్జర్‌తో పెట్టొద్దు. పెట్టెలో వచ్చిన కేబుల్, మామూలు 5 వోల్టుల అడాప్టర్ వాడండి. దిండు మీద, పరుపు మీద పెట్టి నిద్రపోవద్దు. నిండగానే తీసేయండి. కింద పడి సొట్టపోయినా, ఛార్జ్ అవుతూ చెయ్యి కాలేంత వేడెక్కినా, ఉబ్బినా ఇక దాన్ని వాడకూడదు.

విమానంలో వేప్‌ను చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు, చేతి సామానులోనే తీసుకెళ్లాలి. విమానంలో ఛార్జ్ చేయకూడదు, వాడకూడదు. ఎక్కే ముందు పాడ్ ఖాళీ చేసుకోండి, పైన గాలి ఒత్తిడి తగ్గి కారుతుంది.

లిక్విడ్ సీసా సంగతి. మి.లీ.కు 10 మి.గ్రా. ఉన్న 10 మి.లీ. సీసా ఒకదానిలో మొత్తం 100 మి.గ్రా. నికోటిన్ ఉంటుంది. దానికి పండు వాసన, పండు బొమ్మ. పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. తాళం వేసే డబ్బాలో తప్ప ఎక్కడా పెట్టకండి. ఎవరైనా మింగితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి, సీసా కూడా వెంట తీసుకెళ్లండి.

రెండు వారాల తర్వాత సరిచూసుకోండి

మొదటి మూడు రోజులు రాసిన కాగితం తీయండి. దాని పక్కన ఇప్పటి లెక్క రాయండి: రోజుకు ఎన్ని సిగరెట్లు, ఎన్ని మి.లీ. లిక్విడ్. సీసా మీద తేదీ ఉంది కాబట్టి రెండోది తేలిక.

సిగరెట్లు సున్నా అయి, లిక్విడ్ రోజుకు ఒకటి, రెండు మి.లీ. మధ్య ఉంటే మీ ఎంపిక సరిగ్గా కుదిరింది. సిగరెట్లు తగ్గలేదు, వేప్ కూడా అలవాటైంది అంటే ఇది పనిచేయనట్టే. రెండూ కలిపి తాగితే ఒంటికి దాదాపు లాభమేమీ ఉండదు. అప్పుడు డివైస్ మార్చకుండా ముందు నికోటిన్ ఒక మెట్టు పెంచి చూడండి. 6 వాడుతున్నవాళ్లు 10కి వెళితే చాలాసార్లు సిగరెట్ మీదికి మనసు పోవడం ఆగుతుంది. రోజంతా చేతిలోనే ఉంటూ 3 మి.లీ. దాటుతున్నా కారణం అదే. నికోటిన్ చాలక ఒళ్లు ఇంకా ఇంకా అడుగుతోంది.

సిగరెట్ లేకుండా రెండు మూడు నెలలు గడిచాక కిందికి దిగడం మొదలుపెట్టండి. 10 నుంచి 6కి, 6 నుంచి 3కి. ఒక్కో మెట్టు మీద కనీసం నెల రోజులు ఉండండి. దిగిన వారంలో దమ్ములు రెట్టింపైతే తొందరపడ్డారని అర్థం, పాత మెట్టుకే వెళ్లి ఇంకో నెల ఆగండి. టెన్షన్‌గా ఉన్న రోజుల్లో, పరీక్షలప్పుడో ఇంట్లో పెళ్లి పనులప్పుడో దిగడానికి ప్రయత్నించొద్దు. 3 సీసా ముట్టుకోకుండానే రోజులు గడిచిపోతున్నాయని గమనించినప్పుడు కొత్త సీసా కొనకండి. మిగిలిన లిక్విడ్‌ను సింకులో పోయకుండా, డివైస్‌ను చెత్తబుట్టలో వేయకుండా, రెండింటినీ పాత బ్యాటరీలు తీసుకునే చోటికి తీసుకెళ్లి, ఎక్కడ వేయాలో అడిగి ఇచ్చేయండి.